గుండు జరగలేదు

ఉరవకొండ దాటినాక ఆరు మైళ్ళు.
గాలిమరలు తిరిగే మిట్ట మీద
పదిహేను సెంట్ల ఎర్రనేల,
రెండు తంగేడు పొదలు, వంకర సీతాఫలం చెట్టు,
నట్టనడుమ
పండుకున్న ఎనుము మాదిరి ఒక నల్లగుండు.

నేను గీసిన మొదటి ప్లానులో
ఆ గుండు లేదు.
కంప్యూటర్లో ఒక్క మీట నొక్కితే పోయింది.
దాని చోట హాలు, హాల్లో సోఫా,
సోఫా ఎదురుగా టీవీ గోడ.
"మందు పెట్టి పేలిస్తే సరి, రెండు రోజుల పని"
అన్నాను గంగరత్నతో,
ఆమె మొగుడు వన్నూరప్పతో.
ఇద్దరూ తలూపినారు.

మారెక్క ఊపలేదు.
గంగరత్న అమ్మ.
కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని
చానాసేపు వెతికి,
"గుండేది మేడమ్మా?" అనింది.

ముప్పై ఏండ్లు కంకర కొట్టిన చేతులవి.
ఎడమ బొటనవేలి గోరు రెండుగా చీలి
అట్లే పెరిగింది.
"నేను కొట్టిన రాయి
గుంతకల్లు దాకా రోడ్డు కింద ఉండాది.
ఎవురి మేడలో ఎంత ఉండాదో లెక్క లేదు.
ఇంగ నా ఇంటికోసరం
ఒక్క రాయి పగలగూడదు."
అంతే. పోయి
గుండుకు వీపు ఆనించి కూచుని
ఒడిలోంచి వక్కాకు తీసింది.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు, కోపం.
మూడు ప్లాన్లు చించినాను.
నాలుగోది
వంకలో నీళ్ళు రాయిని చుట్టిపోయినట్టు
గుండును చుట్టిపోయింది.
సగం గుండు పడసాలలో,
సగం బయట ఎండలో.

బెళుగుప్ప నుంచి ఖాసిం తాత వచ్చినాడు.
సున్నం, ఇసుక, కరక్కాయ, బెల్లం నీళ్ళు,
ఆ గానుగ చుట్టూ వారం దినాలు ఈగలు.
నా టేపు పన్నెండడుగులంటుంది,
ఆయన మోచెయ్యి ఎనిమిది మూరలంటుంది.
కట్టినాక చూస్తే గోడ
ఇద్దరినీ అరంగుళం మోసం చేసింది.
కప్పులో అద్దం పెట్టి వెలుగు దింపాలని
ఫోన్లో బొమ్మలు చూపిస్తే
బీడీ పక్కకు తీసి నవ్వినాడు.
"మన మట్టిమిద్దెలకు గవాచి ఉండ్లేదా?
దాన్నే గదమ్మా
నువ్వు ఇంగిలీసులో అడుగుతాండావు."

రుద్రాచారి పాత వేప దూలాలు తెచ్చినాడు,
ఎవరిదో కూలిన ఇంటివి.
ఒకదాంట్లో ఉయ్యాల కొక్కెం తుప్పు పట్టి ఉంది.
పీకేదానికి సుత్తి ఎత్తి,
దించేసినాడు.

ఇక్కడొక దొంగతనం చెప్పుకోవాల.
పునాదికి కంకర తప్పలేదు.
చీకటి పడినాక లారీ దింపించి
పట్ట కప్పించినాను.
పొద్దున చూస్తే పట్ట తీసి ఉంది,
మారెక్క గుప్పెట్లో నాలుగు పలుకులు.
మునివేళ్ళతో అంచులు తడిమింది,
చూపు లేనోళ్ళు ముఖం తడిమినట్టు.
"మిషను కొట్టింది" అనింది.
పారేసి, చేతులు దులుపుకుని
పొయ్యి మీది ఎసరు చూడను పోయింది.
నేను చాలా మాటలు సిద్ధం చేసుకున్నాను.
ఒక్కటీ అక్కరలేకపోయింది.

ఇప్పుడు మాఘమాసం చలిలో
పగలు తాగిన ఎండను
గుండు నడిరేయి దాకా ఇంట్లోకి వదులుతాదంట.
మనవడు దాని మీద పడుకుని ఎక్కాలు చదువుతాడంట.
నిమ్మలకుంట తోలుదీపం వెలిగిస్తే
గుండు మీద నెమళ్ళు నడుస్తాయంట.
అన్నీ అంటలే, గంగరత్న ఫోన్లో.

మొన్న వానకు మళ్ళీ చేసింది.
గోడకూ గుండుకూ నడుమ
వెంట్రుక మందం సందు, చెమ్మ దిగుతాంది.
ఖాసిం తాతను అడిగితే,
"రాయి ఎండకు పొంగుతాది, చలికి కుంగుతాది,
నీ మాదిరి, నా మాదిరి.
ఏటికొకసారి పిలు, పూస్తా."

ఆయన పోయేలోపల
మారెక్క సందు కింద చెంబు పెట్టింది.
టప్.
చానాసేపటికి ఇంకో టప్.
గుండు నీళ్ళిస్తాందని
వీధిలో అందరికీ చెప్పొచ్చింది.

ఆఖరి బిల్లు
నేనింకా పంపలేదు.